సున్నా రాని పోటీ: జూనియర్ యూరోవిజన్ నియమాల వెనుక ఆలోచన

2005 నుంచి 2015 వరకు, ఐరోపా దేశాల తరఫున పిల్లలు పాడే జూనియర్ యూరోవిజన్ పాటల పోటీలో పాయింట్ల ప్రకటన మొదలయ్యే సరికే ప్రతి దేశం పేరు పక్కన 12 పాయింట్లు కనిపించేవి. అవి ఎవరూ వేసిన ఓట్లు కావు, ఏ పాటకూ దక్కిన మార్కులు కావు. వేదికెక్కి పాడిన పిల్లల్లో ఒక్కరి పేరు పక్కన కూడా చివరికి సున్నా మిగిలిపోకూడదని నిర్వాహకులు అందరికీ సమానంగా ముందే ఇచ్చిన పాయింట్లు అవి. అందరికీ ఒకే సంఖ్య కలిపితే వరుసలో ఎవరూ పైకి పోరు, ఎవరూ కిందికి దిగరు. లెక్కల ప్రకారం చూస్తే ఆ నియమం చేసిన పని ఏమీ లేదు. కానీ ఎన్నో దేశాల ప్రేక్షకులు చూస్తుండగా, తన దేశం జెండా పక్కన ఏ అంకె ఉందో వెతుక్కునే పదేళ్ల పిల్ల కళ్లతో చూస్తే ఆ 12కు ఎంతో విలువ ఉంది. పోటీ అన్నాక ఒకరు గెలిచి మిగతావారంతా ఓడక తప్పదు, పిల్లలను నొప్పించకూడదన్న కోరిక కూడా వదలరానిది. ఈ రెండింటినీ ఒకే వేదిక మీద నిలబెట్టడానికి పెద్దలు రెండు దశాబ్దాలుగా రాస్తూ, దిద్దుతూ, కొన్నిసార్లు కొట్టివేస్తూ వచ్చిన నియమాల వరుసే ఈ పోటీ అసలు చరిత్ర.

యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్, అంటే ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య, 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 7 దేశాలతో యూరోవిజన్ పాటల పోటీని మొదలుపెట్టింది. అందులో చాలాకాలం వయసు పరిమితి అంటూ లేదు. 1986లో నార్వేలోని బెర్గెన్ నగరంలో బెల్జియం తరఫున పాడి గెలిచిన సాండ్రా కిమ్ వయసు 13 ఏళ్లు. 1989లో ఫ్రాన్స్ తరఫున 11 ఏళ్ల బాలిక, ఇజ్రాయెల్ తరఫున 12 ఏళ్ల బాలుడు ఒకే వేదిక మీద కనిపించడంతో, ఇంత చిన్న పిల్లలను పెద్దల పోటీలో నిలబెట్టవచ్చా అన్న ప్రశ్న గట్టిగా వినిపించింది. మరుసటి సంవత్సరం, 1990 నుంచి, కనీస వయసు 16గా నిర్ణయించారు. దాంతో పెద్దల పోటీ తలుపు పిల్లలకు మూసుకుంది. వారి కోసం వేరే తలుపు తెరుచుకోవడానికి మరో 13 ఏళ్లు పట్టింది.

ఆ తలుపు తెరిచింది డెన్మార్క్. అక్కడి ప్రజా ప్రసార సంస్థ డీఆర్ 2000లో పిల్లలు తామే రాసుకున్న పాటలు తామే పాడే పోటీ ఒకటి ప్రారంభించింది. పాప్ సంగీతం అంటే పెద్దలు చేసి ఇచ్చేది, పిల్లలు వినేది అన్న అలవాటును తలకిందులు చేయడమే ఆ కార్యక్రమం బలం. 2002లో డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి దాన్ని మూడు దేశాల పోటీగా జరుపుకున్నాయి. ఆ ప్రయోగం చూసిన సమాఖ్య దాన్ని ఐరోపా అంతటికీ విస్తరించింది. 2003 నవంబరు 15న కోపెన్‌హాగెన్‌లో 16 దేశాలతో తొలి జూనియర్ యూరోవిజన్ జరిగింది. క్రొయేషియాకు చెందిన 11 ఏళ్ల డీనో యెలూసిచ్ 134 పాయింట్లతో తొలి విజేతగా నిలిచాడు.

తెలుగు టెలివిజన్‌లో పిల్లల పాటల కార్యక్రమాలు చూసే అలవాటు ఉన్నవారికి ఈ పోటీ స్వరూపం కొంత కొత్తగా అనిపిస్తుంది. మన కార్యక్రమాల్లో పిల్లలు ఎక్కువగా సినిమా పాటలు పాడతారు, న్యాయనిర్ణేతలు అక్కడికక్కడే తప్పొప్పులు చెబుతారు, వారాలు గడిచేకొద్దీ ఒక్కొక్కరూ నిష్క్రమిస్తారు. జూనియర్ యూరోవిజన్‌లో ప్రతి దేశం ఒక కొత్త పాటతో వస్తుంది. పాట నిడివి 3 నిమిషాలు దాటకూడదు. అంతర్జాతీయ వేదిక మీద సెమీఫైనళ్లు లేవు, వచ్చిన దేశాలన్నీ ఒకే కార్యక్రమంలో పాడతాయి. పాట ముగిశాక పిల్లల ముఖం మీద వ్యాఖ్యానించే న్యాయనిర్ణేత అక్కడ ఉండడు. తీర్పు అంకెల రూపంలోనే వస్తుంది, ఆ అంకెలను దేశాల తరఫున చదివి వినిపించేది కూడా ఎక్కువగా పిల్లలే. వడపోత అసలే లేదని కాదు. ఏ పిల్లలను పంపాలో తేల్చే ఎంపిక పోటీలు చాలా దేశాల్లో ముందే జరుగుతాయి, ఆ కన్నీళ్లు ఆ దేశాల తెరలకే పరిమితమవుతాయి. అయినా అంతర్జాతీయ వేదిక దాకా వచ్చిన పిల్లవాడికి పాడే అవకాశం తప్పకుండా ఉంటుందన్న హామీ చిన్నది కాదు.

తొలి నియమావళిలో అన్నిటికన్నా విలువైన నియమం పాట రచనకు సంబంధించినది. 8 నుంచి 15 ఏళ్ల పిల్లలే పాట రాసి, బాణీ కట్టి, పాడాలని అది నిర్దేశించింది. డెన్మార్క్ కార్యక్రమానికి ప్రాణంగా ఉన్న ఆలోచన అలా ఐరోపా స్థాయికి చేరింది. కానీ అది నిలవలేదు. పన్నెండేళ్ల పిల్ల రాసిన పాటకు వాద్య సమ్మేళనం కూర్చేది, రికార్డు చేసేది, వేదిక మీద నృత్యం అమర్చేది ఎటూ పెద్దలే కాబట్టి, పిల్లల రచన ఎక్కడ ఆగుతుందో పెద్దల సాయం ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం మొదటి నుంచీ కష్టంగానే ఉంది. 2008లో పాట రచనలో పెద్దలు సాయపడవచ్చని నియమం సడలించారు. సాయం కాస్తా కొన్నేళ్లలో నాయకత్వమైంది. నేడు ఈ పోటీకి వచ్చే పాటల్లో చాలా వాటి వెనుక అనుభవజ్ఞులైన రచయితలు, సంగీతకారులు ఉంటారు. ఫ్రాన్స్‌కు 2020లో విజయం తెచ్చిన పాట రచనలో భాగం పంచుకున్న బార్బరా ప్రావి మరుసటి సంవత్సరం పెద్దల యూరోవిజన్‌లో ఫ్రాన్స్ తరఫున పాడి రెండో స్థానం పొందారు. అంటే పెద్దల పోటీలో అగ్రస్థానం కోసం తలపడగల రచయిత్రి చేయి పిల్లల పాట మీద ఉంది.

ఆ పాటలు బాగుంటాయి, అందులో సందేహం లేదు. పిల్లల గొంతుకు తగిన స్థాయి, వయసుకు తగిన భావం, మూడు నిమిషాల్లో ఎత్తుగడ నుంచి ముగింపు దాకా లోపం లేని నడక వాటిలో ఉంటాయి. కానీ పిల్లలు పాడే పాట వేరు, పిల్లల పాట వేరు. పదేళ్ల పిల్లవాడు తానే రాసుకుంటే స్నేహితుడితో తగవు గురించో, బడి గురించో, పేరు చెప్పలేని ఏదో దిగులు గురించో రాస్తాడు. అందులో ఎగుడుదిగుడులు ఉంటాయి, కానీ అది అతడి లోకం. పెద్దలు పిల్లల కోసం రాసినప్పుడు ప్రపంచశాంతి, భూమి సంరక్షణ, కలలు నిజం చేసుకోవడం వంటి విషయాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఇవి పిల్లల నోట పెద్దలు వినాలనుకునే మాటలు. పోటీ పెట్టుకున్న తొలి ఆశయంలో నిజంగా చేజారిపోయింది ఇదేనని, పాయింట్ల పద్ధతిలో వచ్చిన మార్పులన్నిటికన్నా ఈ ఒక్క సడలింపే పోటీ స్వభావాన్ని ఎక్కువగా మార్చిందని చెప్పక తప్పదు.

ఈ చర్చ మొదటి నుంచీ ఉన్నదే. పోటీకి పుట్టిల్లయిన డెన్మార్క్, 2004లో లిల్లెహామర్‌లో ఆతిథ్యమిచ్చిన నార్వే, 2005 పోటీ తర్వాత వైదొలిగాయి. పోటీలో పిల్లలతో వ్యవహరిస్తున్న తీరు తమ విలువలకు సరిపడడం లేదన్నది అప్పుడు వినిపించిన కారణం. 2006 నుంచి తమ పాత ఉత్తర దేశాల పోటీని తిరిగి జరుపుకున్నాయి. ఒక కార్యక్రమాన్ని కనిపెట్టినవారే అది పెద్దదయ్యాక తమది కాదని పక్కకు తప్పుకోవడం చిన్న విషయం కాదు. దేశం పేరు మీద పాడడం, జెండాలు ఊపే జనం, ఓడితే మరునాటి పత్రికల్లో వచ్చే మాటలు, ఇవన్నీ పిల్లల మీద పెట్టే బరువు గురించి వారు లేవనెత్తిన ప్రశ్నకు ఈనాటికీ పూర్తి సమాధానం రాలేదు.

వయసు పరిమితి కూడా అలాగే కదులుతూ వచ్చింది. మొదట 8 నుంచి 15 ఏళ్లు, 2007లో 10 నుంచి 15, 2016 నుంచి 9 నుంచి 14. ఇందులో ఒక చిక్కు దాగి ఉంది. పాత నియమంలో 15 నిండినవారికి ఇక్కడ చోటు ఉండేది, 16 వచ్చేసరికి పెద్దల పోటీ తలుపు తెరుచుకునేది. ఇప్పుడు 15 ఏళ్ల గాయకుడికి రెండు వేదికల మీదా చోటు లేదు. గొంతు మారే వయసు, బాల్యం పూర్తిగా వెళ్లకుండానే యవ్వనం తొంగిచూసే వయసు అది. ఆ వయసువారిని తొమ్మిదేళ్ల పిల్లల పక్కన నిలబెడితే పోటీ సమంగా ఉండదన్న వాదనలో న్యాయం ఉంది, కానీ ఆ ఒక్క ఏడాది ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది.

పాయింట్ల పద్ధతి దగ్గర కొంత నిదానంగా ఆగాలి, ఎందుకంటే పెద్దల పోటీకీ పిల్లల పోటీకీ మధ్య దూరం బాగా కనిపించేది అక్కడే. తొలి ఏళ్లలో పెద్దల పోటీలాగే ప్రేక్షకుల ఫోన్ ఓట్లే ఫలితాన్ని నిర్ణయించేవి. తర్వాత జ్యూరీలు, అంటే న్యాయనిర్ణేతల బృందాలు, పిల్లల జ్యూరీలు వచ్చి చేరాయి. 2016లో మాల్టా రాజధాని వలెట్టాలో జరిగిన పోటీని శనివారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నానికి మార్చారు, ఫోన్ ఓటింగ్‌ను పూర్తిగా తీసేశారు. ముందుగా ఇచ్చే 12 పాయింట్లు కూడా ఆ ఏడాదితోనే పోయాయి. 2017లో జార్జియా రాజధాని టిబిలిసిలో జరిగిన పోటీ నుంచి ఆన్‌లైన్ ఓటింగ్ వచ్చింది. ఇప్పుడు ఫలితంలో సగం వాటా జ్యూరీలది, సగం ఆన్‌లైన్ ఓట్లది.

ప్రతి దేశపు జ్యూరీ తనకు నచ్చిన పది పాటలకు 12, 10, ఆపై 8 నుంచి 1 వరకు ఇస్తుంది. కూడితే ఒక్కో జ్యూరీ 58 పాయింట్లు పంచుతుంది. 2018లో బెలారుస్ రాజధాని మిన్స్క్‌లో 20 దేశాలు పాల్గొన్నాయి కాబట్టి జ్యూరీలు పంచినవి 1,160 పాయింట్లు. ఆన్‌లైన్ ఓట్లకూ అంతే మొత్తం కేటాయిస్తారు, దాన్ని ఓట్ల శాతం ప్రకారం పాటల మధ్య విభజిస్తారు. ఒక పాటకు పోలైన ఓట్లలో 10 శాతం వస్తే దానికి 116 పాయింట్లు దక్కుతాయి. పెద్దల పోటీలో ప్రతి దేశంలోనూ పదకొండో స్థానంలో నిలిచిన పాటకు వేలాది ఓట్లు పడినా ఒక్క పాయింటూ రాకపోవచ్చు. ఇక్కడ వేసిన ప్రతి ఓటూ ఏ కొంచెమో పాయింట్లుగా మారుతుంది. కాబట్టి ముందుగా 12 పాయింట్లు ఇవ్వవలసిన అవసరం తీరిపోయింది. సున్నాను పాయింట్లు దానం చేసి కాకుండా లెక్క కట్టే తీరుతోనే తప్పించారు. పాత పద్ధతిలోని ఓదార్పు కన్నా ఇందులోని న్యాయం మేలైనది, ఎందుకంటే చివరి స్థానంలో ఉన్న పిల్లకు కూడా ఆ అంకె ఎవరో నిజంగా ఓటు వేసినందుకు వచ్చినదే.

అదే పద్ధతిలో మరో వింత ఉంది. పెద్దల పోటీలో ఎవరూ తమ దేశానికి ఓటు వేయకూడదు. ఇక్కడ వేయవచ్చు. అయితే ఓటు వేసేవారు కనీసం 3 పాటలను ఎంచుకోవాలి. సొంత దేశం మీద మమకారంతో వచ్చిన ప్రేక్షకుడు మరో రెండు పాటలను కూడా విని, వాటికీ ఓటు ఇవ్వక తప్పదు. పిల్లల తల్లిదండ్రులకు, బడి స్నేహితులకు, తాతయ్యలకు, నానమ్మలకు తమ పిల్లకు ఓటు వేసుకునే వీలు ఇవ్వడం మానవసహజం. ఆ అభిమానం ఫలితాన్ని మింగేయకుండా రెండు ఓట్లను బయటికి మళ్లించడం తెలివైన ఏర్పాటు. కానీ ఓట్లన్నీ దేశాల వారీగా కాకుండా ఒకే రాశిగా కలుస్తాయి కాబట్టి, జనాభా ఎక్కువగా ఉండి పోటీ మీద మోజు కూడా ఉన్న దేశానికి కొంత మొగ్గు ఉండే వీలుంది. జ్యూరీల సగం వాటా దీన్ని సరిచేయడానికే. 2022లో బ్రిటన్ గాయని ఫ్రెయా స్కై ఆన్‌లైన్ ఓట్లలో మొదటి స్థానంలో నిలిచినా జ్యూరీ పాయింట్లు కలిశాక ఐదో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఈ పోటీ పెద్దల పోటీకన్నా స్పష్టంగా మెరుగ్గా నిలిచిన చోటు భాష. పెద్దల యూరోవిజన్‌లో 1999 నుంచి ఏ భాషలోనైనా పాడవచ్చు. ఫలితంగా ఎన్నో దేశాల పాటలు ఇంగ్లీషులోకి మారిపోయాయి. పిల్లల పోటీలో మాత్రం పాటలో ఎక్కువ భాగం ఆ దేశపు భాషల్లోనే ఉండాలన్న నియమం మొదటి నుంచీ ఉంది. అనుమతించే పరభాషా వాటా పెరుగుతూ వచ్చినా, కనీసం 60 శాతం స్వభాష ఉండాలన్న గీత నిలిచింది. ఆర్మేనియన్, జార్జియన్, కజక్, మాసిడోనియన్ భాషలు ఐరోపా వినోద ప్రసారాల్లో ఏటా వినిపించే అరుదైన చోటు ఇది. ఐర్లాండ్ తరఫున 2015 నుంచి పాల్గొంటున్నది ఐరిష్ భాషా చానల్ టీజీ4. ఇంగ్లీషు కూడా ఆ దేశపు భాషే అయినా అక్కడి పిల్లలు ఐరిష్‌లో పాడతారు. 2018లో బ్రిటన్‌లో భాగమైన వేల్స్ తొలిసారి సొంతంగా పాల్గొంది. వెల్ష్ భాషా చానల్ ఎస్4సీ పంపిన ఆ పాటకు 20 దేశాల్లో చివరి స్థానం వచ్చింది. అయినా మరుసటి సంవత్సరం వేల్స్ మళ్లీ వచ్చింది, మళ్లీ వెల్ష్‌లోనే పాడింది. ఇంగ్లీషు నీడలో బతుకుతున్న చిన్న భాషను పిల్లల నోట ఐరోపా వేదిక మీద వినిపించడమే ఆ చానల్‌కు విజయం.

ఈ నియమానికి అందమైన మినహాయింపు ఒకటి ఉంది. 2008లో సైప్రస్‌లోని లిమసోల్‌లో గెలిచిన జార్జియా బృందం బ్జికేబి ఏ దేశ భాషలోనూ పాడలేదు. తేనెటీగల భాష పేరుతో తామే కల్పించుకున్న శబ్దాలతో పాడింది. పోటీ మొత్తంలో పిల్లల ఊహకు అంత స్వేచ్ఛగా చోటు దొరికిన పాట మరొకటి లేదు.

ఆ విజయం జార్జియాకు మొదటిది మాత్రమే. 2011, 2016, 2024లలో కూడా జార్జియా గెలిచింది. మాల్టా 2013లో, 2015లో గెలిచింది. బెలారుస్ 2005లో, 2007లో గెలిచింది. ఆర్మేనియా 2010లో ఒక్క పాయింటు తేడాతో, మళ్లీ 2021లో గెలిచింది. ఈ నాలుగు దేశాల్లో ఏ ఒక్కటీ పెద్దల యూరోవిజన్‌లో ఇంతవరకు గెలవలేదు. 2018, 2019లలో వరుసగా గెలిచిన పోలండ్‌ది కూడా అదే స్థితి. దీనికి కారణాలు వెతికితే రెండు ముందుకు వస్తాయి. పెద్ద దేశాల ప్రసార సంస్థలు చాలాకాలం ఈ పోటీని తేలిగ్గా తీసుకున్నాయి. ఫ్రాన్స్ 2004లో ఒకసారి వచ్చి వెళ్లి, మళ్లీ 2018లో గానీ రాలేదు. స్పెయిన్ 2004లో గెలిచి కూడా 2006 తర్వాత 2019 దాకా దూరంగా ఉంది. జర్మనీ తొలిసారి పాల్గొన్నది 2020లో. రెండోది, చిన్న దేశాల్లో పిల్లల సంగీత శిక్షణకు, బృందగానానికి, నృత్యానికి ఉన్న చోటు. ఐదు లక్షల చిల్లర జనాభా ఉన్న మాల్టాలో పాటల పోటీలు ఇంటింటి వ్యవహారం. ఫ్రాన్స్ మనసు పెట్టి తిరిగి వచ్చాక 2020, 2022, 2023లలో గెలవడం చూస్తే, పెద్ద దేశాలు లేని రోజుల్లో చిన్న దేశాలు ఎంత ఖాళీని పూరించాయో అర్థమవుతుంది.

పాల్గొనే దేశాల సంఖ్య ఎప్పుడూ నిలకడగా లేదు. 2012, 2013లలో 12కు పడిపోయి, 2018లో 20కి చేరింది, మహమ్మారి ఏడాది 2020లో మళ్లీ 12కు దిగింది. ఆ ఏడాది వార్సాలో కార్యక్రమం జరిగినా పిల్లలు తమ తమ దేశాల్లోనే పాడి పంపారు. 2003 నుంచి 2024 వరకు ఒక్క ఏడూ తప్పకుండా పాల్గొన్న దేశం నెదర్లాండ్స్ ఒక్కటే. ఆతిథ్యం విషయంలోనూ గెలుపు బరువు పిల్లల మీద పడకుండా చూశారు. పెద్దల పోటీలో గెలిచిన దేశమే మరుసటి ఏడాది నిర్వహించడం సంప్రదాయం, ఇక్కడ ఆ నిర్బంధం లేదు. 2014లో గెలిచిన ఇటలీ నిర్వహణకు ముందుకు రాకపోతే రెండో స్థానంలో ఉన్న బల్గేరియా సోఫియాలో జరిపింది. 2023 విజేత ఫ్రాన్స్ బదులు 2024లో మాడ్రిడ్ ఆతిథ్యమిచ్చింది.

పిల్లల పోటీ కాబట్టి రాజకీయాలకు దూరంగా ఉంటుందని ఆశించడం సహజం, కానీ పిల్లలు బతికేది పెద్దల లోకంలోనే. 2013 నవంబరు 30 తెల్లవారుజామున ఉక్రెయిన్ రాజధాని కీవ్ నడిబొడ్డున ఉన్న మైదాన్ కూడలిలో విద్యార్థుల నిరసన మీద పోలీసులు విరుచుకుపడ్డారు. అదే సాయంత్రం అదే నగరంలోని ఉక్రెయిన్ ప్యాలెస్‌లో జూనియర్ యూరోవిజన్ జరిగింది, మాల్టా గెలిచింది. 2021లో బెలారుస్ ప్రసార సంస్థను సమాఖ్య సస్పెండ్ చేయడంతో, 2003 నుంచి ఏటా పాల్గొంటున్న ఆ దేశపు పిల్లలకు ఈ వేదిక లేకుండా పోయింది. 2022లో రష్యా కూడా దూరమైంది. ప్రసార సంస్థ ప్రభుత్వానికి గొంతుగా మారినప్పుడు దాన్ని బయట పెట్టడానికి బలమైన కారణాలు ఉన్నాయి. ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేని పిల్లలే మూల్యం చెల్లించారన్నదీ అంతే నిజం.

ఆర్మేనియా గాయని మలేనా విషయంలో ఈ రెండు లోకాలూ ఎదురెదురుగా నిలిచాయి. 2020 పోటీకి ఆమె ఎంపికైంది. ఆ శరదృతువులో అజర్‌బైజాన్‌తో నాగోర్నో-కరాబాఖ్ ప్రాంతం కోసం యుద్ధం వచ్చింది, నవంబరులో ఆర్మేనియా పోటీ నుంచి తప్పుకుంది. వయసు పరిమితి ఉన్న పోటీలో ఒక ఏడాది పోవడమంటే చాలామందికి అవకాశం పూర్తిగా పోవడమే. మలేనాకు ఇంకా వయసు మిగిలి ఉంది. 2021లో పారిస్‌లో పాడి గెలిచింది, 2022 పోటీ ఆమె దేశ రాజధాని యెరెవాన్‌లో జరిగింది.

పిల్లలుగా ఇక్కడ పాడినవారు తర్వాత ఏమయ్యారన్నది ఈ పోటీని తూచడానికి ఉన్న మరో తూనిక. తొలి విజేత డీనో యెలూసిచ్ రాక్ గాయకుడిగా ఎదిగి 2021లో బ్రిటన్ రాక్ బృందం వైట్‌స్నేక్‌లో చేరాడు. 2006లో తొమ్మిదేళ్ల వయసులో రష్యాకు గెలుపు తెచ్చిన తొల్మచొవా కవలలు 2014లో పెద్దల పోటీలో పాడి ఏడో స్థానం పొందారు. సెర్బియాకు చెందిన నెవెనా బోజొవిచ్ 2007లో ఇక్కడ మూడో స్థానం సాధించి, 2013లో బృందంతోనూ 2019లో ఒంటరిగానూ పెద్దల వేదిక ఎక్కింది. 2015లో మాల్టా తరఫున 185 పాయింట్లతో గెలిచినప్పుడు డెస్టినీ వయసు 13. పెద్దల పోటీకి 2020లో ఎంపికైతే ఆ పోటీయే రద్దయింది. 2021లో రోటర్‌డామ్‌లో పాడి ఏడో స్థానంలో నిలిచింది. 2011లో యెరెవాన్‌లో గెలిచిన జార్జియా బాలికల బృందం క్యాండీలో ఒకరైన ఇరు ఖెచనోవి 12 ఏళ్ల తర్వాత, 2023లో, లివర్‌పూల్‌లో జార్జియా తరఫున ఒంటరిగా పాడింది. ఆ రాత్రి ఆమె సెమీఫైనల్ దాటలేదు.